కోడికి మందు, పెరటికి వైద్యం

తెల్లవారుజామున ఉక్కునగరం పొలిమేరలో నిలిచినవారికి రెండు చప్పుళ్లు వినవస్తవి. ఒకటి, పొద్దుటి షిఫ్టుకు కార్మికులను చేరవేసే వాహనాల రొద. రెండవది దానికంటె ఎంతో పాతది, కోడికూత. కొలిమి చల్లారని ఊరిలో ప్రొద్దు తెలుపుటకు కోడితో పని లేదు. అయినప్పటికీ కూర్మన్నపాలెం, అగనంపూడి, పెదగంట్యాడ ప్రాంతాల వీధులలో కోడి ఇంకా కూస్తూనే ఉన్నది. పెరటిలో గంప ఇంకా బోర్లించియే ఉన్నది.

ఈ కోళ్ల వెనుక ఒక చరిత్ర ఉన్నది. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో తెలుగుదేశమంతా ఘోషించినది. 1971 జనవరి 20వ తేదీన నాటి ప్రధాని ఇందిరాగాంధి కర్మాగారానికి శంకుస్థాపన చేసినారు. 1992 ఆగస్టు 1వ తేదీన ప్రధాని పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేసినారు. ఈ రెండు తేదీల నడుమ సముద్రతీరానికి చేరువనున్న అనేక గ్రామాలు తమ నేలను ఇచ్చి లేచిపోయినవి. వేలాది కుటుంబాలు నిర్వాసితుల కాలనీలకు తరలివచ్చినవి. పొలం రాలేదు, చెరువు రాలేదు, చింతతోపు రాలేదు. రాగలిగినవి మంచము, మూకుడు, మేక, కోడి. గంపక్రింద మూసి, బండిమీద పెట్టి తెచ్చుకొనదగిన ఆస్తి కోడి ఒక్కటే గదా!

తెలుగు సాహిత్యం కోడిని మరచినది కాదు. అయితే అది తలచుకొన్నది పుంజును మాత్రమే. పల్నాటి కథలో బ్రహ్మనాయుని పుంజు, నాగమ్మ పుంజు పోరాడి రాజ్యాల తలవ్రాత మార్చినవి. క్రీడాభిరామం ఓరుగంటి వీధులలోని కోడిపందెమును కనులకు కట్టించినది. కుక్కుటశాస్త్రమను పేర డేగ, కాకి, నెమలి, సేతువ అని ఈకల రంగులను బట్టి జాతులను ఏర్పరచి, ఏ దినమున ఏ పుంజు గెలుచునో నిర్ణయించే విద్య ఒకటి మనవారు కల్పించుకొన్నారు. ఇక పెట్ట విషయం పట్టించుకొన్న కవి అరుదు. అది గ్రుడ్డు పెట్టినది, పొదిగినది, పిల్లలను రెక్కలక్రింద దాచుకొని గ్రద్దకు ఎదురు తిరిగినది. ఈ పనులు చేసినందుకు దానికి కావ్యంలో చోటు దొరకలేదు.

కాని ఇల్లాలి లెక్కలో మాత్రం దానికి చోటున్నది. ఇంటాయన జీతం ఇంటికి చెందినది. మేక అమ్మిన డబ్బు పిల్లల చదువుకో, అప్పులవానికో పోతుంది. కోడిగ్రుడ్లు అమ్మిన డబ్బు ఆమెది. దానికి ఎవరికీ లెక్క చెప్పనక్కరలేదు. తూర్పు కనుమల గిరిజన గ్రామాలలో 'వాటా' అనే ఆచారం ఒకటున్నది. కోడి గలవారు ఒక పెట్టను లేనివారికి ఇస్తారు. వచ్చిన పిల్లలను ఇరువురూ పంచుకొంటారు. చేతిలో కాసు లేని ఆడుది కోళ్లమందకు యజమానురాలు కావడానికి ఇంతకంటె సులువైన త్రోవ మరొకటి లేదు. 1990 దశకంలో 'అంత్ర' అనే సంస్థకు చెందిన పశువైద్యులు తూర్పుగోదావరి ఏజెన్సీలో అసీలు కోళ్ల పరిస్థితిని పరిశీలించి, కోళ్లు రోగాలతో చచ్చిపోవుట వల్లనే ఈ ఆచారం కూడ సన్నగిల్లుతున్నదని గ్రహించినారు. కోడి ఆరోగ్యము ఆడవారి స్వాతంత్ర్యానికి సంబంధించిన సంగతి అనుటలో అతిశయోక్తి లేదు.

ఇక్కడనే చిక్కు వచ్చి పడుతున్నది. కాలనీ వీధిలో ఇటువంటి మాటలు తరచు వినబడుతుంటవి.

"మేత మెక్కుతాది గానీ ఒంటికి పట్టదేటి పిన్నీ!"

"దిష్టి తగిలినాదే అమ్మీ. ఉప్పు తిప్పి పొయ్యిలో పడేయి."

ఉప్పు చిటపటలాడుతుంది. పెట్ట మాత్రం తేరుకోదు. పదునైదు దినాలకు ఒక గ్రుడ్డు పెట్టి ఊరుకొంటుంది. తలపైని ఎర్రని జుట్టు పాలిపోయి బూడిదవన్నె తిరుగుతుంది. రెక్కలు వ్రేలవేసుకొని గోడమూల నిలుచుంటుంది. ఒకనాటి ఉదయం గంప తీసేసరికి ఒరిగిపోయి ఉంటుంది. కొక్కెర తెగులు వచ్చినదనుకొని దానిని పారవేస్తారు.

కొక్కెర తెగులు అట్లా రాదు. 1920 దశకంలో కుమావూ కొండలలోని రాణీఖేత్ పట్టణం పేర మన దేశంలో ప్రసిద్ధికెక్కిన ఆ వ్యాధి మెరుపువలె వస్తుంది. టీకా లేని మందను కొద్ది దినాలలోనే తుడిచిపెట్టి పోతుంది. మెల్లమెల్లగా, నెలల తరబడి, ఒక్కొక్క కోడినే క్రుంగదీసేది వేరొకటి. దాని నివాసం కోడి పేగు. దానికి దిష్టితో నిమిత్తం లేదు. అది పురుగు.

కోడిని పట్టి చూచుట తెలిసిన ఇల్లాలికి ఈ సంగతి చేతికే తెలుస్తుంది. రొమ్ముక్రింద వ్రేళ్లు పోనిచ్చి తడిమితే, ఆరోగ్యమైన కోడికి నడిమి ఎముక ఇరువైపుల కండ గుండ్రంగా తగులుతుంది. పురుగు పట్టిన కోడికి ఆ ఎముక కత్తివాదరవలె పొడుచుకొని వస్తుంది. మేతతిత్తి నిండే ఉంటుంది, ఒళ్లు తేలికగా ఉంటుంది. రెట్ట పలుచబడుతుంది. ఒక్కొక్కప్పుడు ఆ రెట్టలో తెల్లని పురుగులు కదలుతూ కనబడుతవి, లేదా బియ్యపుగింజల వంటి తునుకలు పడుతవి. పురుగులు మితిమీరినప్పుడు చిన్నపిల్లల పేగు మూసికొనిపోయి అవి హఠాత్తుగా చనిపోవుట కూడ కద్దు.

ఈ పురుగులలో ముఖ్యమైనవి మూడు తెగలు. మొదటిది ఏలికపాము. పసుపు కలిసిన తెలుపు రంగు, జానెడులో సగం పొడవు గలది. ఆడుపురుగు 12 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని అస్కారిడియా గల్లి అంటారు. 1788లో ష్రాంక్ అనే జర్మనుదేశపు ప్రకృతి శాస్త్రవేత్త దీనిని మొదట వర్ణించినాడు. రెండవ తెగవి కోడికి గల జంట గుడ్డిపేగులలో కాపురముండే సన్నని పొట్టి పురుగులు. ఇవి నాటుకోడికి స్వయంగా చేసే కీడు స్వల్పమే. కాని ఇవి మరొక సూక్ష్మజీవిని మోసికొని తిరుగుతవి. దాని వల్ల సీమకోళ్లకు ప్రాణాంతకమైన వ్యాధి కలుగుతుంది. కనుకనే సీమకోడిని, నాటుకోడిని ఒకే దొడ్డిలో పెంచరాదని పెద్దలు చెప్పుతారు. మూడవది బద్దెపురుగు. ఇది నాడావలె చదునుగా ఉండి తునుకలు తునుకలుగా తెగి బయటపడుతుంది.

ఏలికపాము బ్రతుకు తీరును తెలిసికొన్నవారికి వైద్యం సగం తెలిసినట్లే. ఆడుపురుగు వేలకొలది గ్రుడ్లను పెట్టుతుంది. అవి రెట్టతో నేలపై పడుతవి. పడిన వెంటనే అవి హాని చేయలేవు. వెచ్చని తడినేలలో పది మొదలు ఇరువది దినాలు ఉంటే లోపల పిల్ల తయారవుతుంది. అటుపిమ్మట ఆ గ్రుడ్డును గింజతోపాటు కోడి మ్రింగితే పేగులో పిల్లపురుగు వెలువడి, కొన్ని దినాలు పేగుగోడలో తలదూర్చుకొని ఉండి, మరల పేగులోనికి వచ్చి పెరుగుతుంది. కోడి మ్రింగిన అయిదు మొదలు ఎనిమిది వారాలకు అది తిరిగి గ్రుడ్లు పెట్టుతుంది. నీడగల తడినేలలో ఈ గ్రుడ్లు నెలల తరబడి చావక ఉంటవి. బద్దెపురుగు త్రోవ కొంచెం వేరు. దాని గ్రుడ్డును ముందుగా చీమయో, పేడపురుగో, ఈగయో, నత్తయో మ్రింగవలెను. ఆ జీవిని కోడి తినవలెను. చీమను పొడుచుకొని తినుట కోడికి పుట్టుకతో వచ్చిన విద్య గనుక ఆ త్రోవ కూడ మూసికొనిపోదు.

పాతఊళ్లలో కూడ ఈ పురుగు లేకపోలేదు. కాని అక్కడ కోడి ఉదయం గంప వదలితే కళ్లమూ, పుంతా, పెంటకుప్పా, చెరువుగట్టూ తిరిగి సందెవేళకు గూటికి చేరేది. దాని రెట్ట ఎకరాల మేర చెదరిపోయేది. ఎండ తగిలిన చోట పురుగుగ్రుడ్డు మాడిపోయేది. కాలనీలో ఇంటిస్థలం కొద్ది సెంట్లు. ఆ పైని ప్రక్కవారి గోడ, దానిపైని వీధి, వీధిలో మోటారుబండ్లు. కోడి ఆ కొద్ది జాగాలోనే తిని, ఆ జాగాలోనే రెట్టవేసి, మరల ఆ జాగాలోనే గీరుతుంది. నీళ్లతొట్టి దగ్గర, అరటిపాదు దగ్గర నేల ఎప్పుడూ తడియే. విశాఖ తీరంలో గాలిలో చెమ్మ ఎక్కువ. నైరుతి వానలు వెళ్లేసరికి ఈశాన్యపు వానలు, తుపానులు వస్తవి. పురుగుగ్రుడ్డుకు ఇంతకంటె అనుకూలమైన పురిటిగది వేరొకటి లేదు. ఊరు తరలినప్పుడు మనుషులకు ఇల్లు కొలిచి ఇచ్చినారు. కోడి తిరిగే నేలను కొలిచి ఇచ్చినవారు లేరు. కాలనీ పెరటిలో కోడి బరువు తగ్గుటకు ఇది ఒక పెద్ద కారణం.

ఇదే న్యాయం ప్రపంచమంతట కనబడుతుంది. పారిశ్రామికంగా గ్రుడ్లు ఉత్పత్తి చేసే కోళ్లఫారాలలో కోడిని ఇనుపతీగల పంజరంలో ఉంచుతారు. రెట్ట సందులలోనుంచి క్రిందికి జారిపోతుంది. అందువల్ల అక్కడ ఏలికపాము దాదాపు అంతరించినది. పంజరం కోడికి సుఖమిచ్చినది కాదు. దానిని దాని రెట్టనుంచి వేరు చేసినది, అంతే. ఐరోపా సమాఖ్య 2012 జనవరి 1వ తేదీనుంచి ఇరుకైన పాతపద్ధతి పంజరాలను నిషేధించినది. కోళ్లు మరల నేల తొక్కినవి. వాటితోపాటు ఏలికపాము కూడ తిరిగివచ్చి అక్కడి రైతులను కలవరపెట్టుతున్నది. కోడికి స్వేచ్ఛ ఇవ్వదలచినవారు నేల పరిశుభ్రతను కూడ ఇవ్వవలసియున్నదని ఈ అనుభవం చాటుతున్నది.

మన ప్రాచీన వైద్యులు పురుగుల సంగతి ఎరిగినవారే. చరకసంహితలోని విమానస్థానం ఇరువది రకాల క్రిములను పేర్కొని, చికిత్సను మూడు భాగాలుగా విభజించినది. మొదటిది అపకర్షణం, అనగా ఉన్న పురుగును లాగివేయుట. రెండవది ప్రకృతివిఘాతం, అనగా పురుగు పెరుగుటకు అనుకూలమైన స్థితిని చెరచుట. మూడవది నిదానపరివర్జనం, అనగా రోగం పుట్టిన కారణాన్నే విడిచిపెట్టుట. ఆ వైద్యులు చెప్పినది మనుష్యుల గురించి. అయినను పెరటికోడికి నేటి శాస్త్రం చెప్పే చికిత్సను ఈ మూడు మాటలలోనే ఇమడ్చవచ్చును. మనవారు సాధారణంగా మొదటిదానితోనే ఆగిపోతున్నారు.

మొదటిదైన లాగివేయుటకు పూర్వం వాయువిడంగాలు, మోదుగగింజలు, వేపాకు, వక్క వాడేవారు. వీటిలో కొన్నింటికి పురుగులపై ప్రభావం గలదని ప్రయోగశాలలలో పరీక్షించి చూచినవారు ఉన్నారు. అయితే ఎంత మోతాదు ఇస్తే ఎన్ని పురుగులు పడుతవో, కోడికి ఎంతవరకు క్షేమమో అనే విషయంలో నేటి మందులకు ఉన్నంత నిశ్చయం వీటికి లేదు. పూర్వం పాశ్చాత్యదేశాలలో పొగాకుపొడిని కూడ కోళ్లకు పెట్టేవారు. పొగాకులోని విషం పురుగుకు, కోడికి పెద్దగా భేదం చూపదు గనుక ఆ పద్ధతిని ఎవరూ అనుసరింపరాదు.

1950 దశకంలో పైపెరజీన్ అనే మందు పురుగులమందుగా ప్రచారంలోనికి వచ్చినది. ఇది ఏలికపామును చంపదు. దాని కండరాలకు పక్షవాతం కలిగిస్తుంది. పట్టు తప్పిన పురుగు పేగు కదలికతో బ్రతికియుండగానే బయటికి కొట్టుకొనిపోతుంది. పశువైద్య గ్రంథాలు చెప్పే మోతాదు ఆరు వారాల లోపు పిల్లకు 50 మిల్లీగ్రాములు, అంతకు పైబడిన కోడికి 100 మిల్లీగ్రాములు. ఈ మందు చౌక, నీటిలో సులువుగా కరుగుతుంది, కోడికి అపాయం తక్కువ. కాని దీనికి హద్దులున్నవి. బద్దెపురుగుమీద ఇది పనిచేయదు. పేగుగోడలో దాగిన పిల్లపురుగును కూడ తాకలేదు. కనుకనే రెండు, మూడు వారాల తరువాత మరొకసారి ఇవ్వవలెను. మొదటిసారి పురుగులు పడగానే పని అయిపోయినదని ఊరుకొన్నవారి పెరటిలో నెల తిరిగేసరికి మరల అదే కథ.

1960 దశకంలో లెవమిసోల్, 1970 దశకంలో ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ వచ్చినవి. లెవమిసోల్ కూడ పక్షవాతం కలిగించేదే. తక్కిన రెండూ పురుగు ఆహారాన్ని గ్రహించకుండ చేసి పస్తులతో చంపుతవి. అందుచేత ఫలితం కనబడుటకు కొన్ని దినాలు పట్టవచ్చును. వీటి ప్రభావం ఏలికపామునకే పరిమితం కాక గుడ్డిపేగు పురుగులమీద కూడ ఉంటుంది. బద్దెపురుగుకు ఏ మందు, ఎంత మోతాదు అన్నది పశువైద్యుడు నిర్ణయించవలెను. పిల్లలకు తెచ్చిన మాత్రను విరిచి కోడినోట వేయుట, మేకలకు తాగించే మందును కన్నుకొలతతో పోయుట మంచి పద్ధతులు కావు. కోడి తూకం కిలోన్నర. మేకకు సరిపోయేది దానికి మితిమీరుతుంది. భయపడి తగ్గించి ఇస్తే పురుగు చావదు సరిగదా, మందుకు అలవాటు పడుతుంది. 2019లో అమెరికాలో సీమకోళ్ల ఏలికపాములు ఫెన్‌బెండజోల్‌కు లొంగకుండుటను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. చాలీచాలని మోతాదులో మాటిమాటికి ఇచ్చిన మందు పురుగుకు పాఠం చెప్పినట్లే అవుతుంది.

మందు ఇచ్చే తీరులో కూడ మెలకువ కావలెను. ముందటి రాత్రి నీళ్లతొట్టి తీసివేసి, ఉదయం దాహంతో ఉన్న కోళ్లకు, అవి రెండు, మూడు గంటలలో త్రాగివేయగల కొద్దిపాటి నీటిలో మందు కలిపి పెట్టవలెను. ఎండకాలంలో రాత్రంతా నీరు లేకుండ ఉంచుట ప్రమాదం గనుక తెల్లవారి ఒక గంట ఆపితే చాలును. నీటిలో సరిగా కరగని మందును తవుడుముద్దలో కలిపి, ఒక్కొక్క కోడికి విడివిడిగా తినిపించుట మేలు. లేనిచో బలమైన పుంజు మందంతా మెక్కుతుంది, బలహీనమైన పెట్టకు మిగలదు. మందు అవసరమైనది ఆ పెట్టకే గదా! ఈకలు రాల్చి క్రొత్త ఈకలు వేసికొంటున్న కోడికి ఫెన్‌బెండజోల్ జాతి మందులు ఇస్తే ఈకలు వంకరపోయే అవకాశమున్నది. ఆ కాలం గడిచేదాక ఆగవలెను. ఇక మందు తిన్న కోడి గ్రుడ్డును, మాంసాన్ని ఎన్ని దినాలు మానవలెనో మందును బట్టి మారుతుంది. వైద్యుడు చెప్పిన గడువును, డబ్బామీది వ్రాతను పాటించవలెను. ఇంటిలో పసిపిల్ల ఉన్నప్పుడు ఈ నియమం మరింత ముఖ్యం.

కోడిపురుగు మనుషులకు అంటుకొంటుందేమో అని కొందరు భయపడుతారు. కోడి ఏలికపాము మనిషి పేగులో బ్రతుకదు. మనిషి ఏలికపాము వేరు, కోడి ఏలికపాము వేరు. బహు అరుదుగా దారి తప్పిన పురుగు ఒకటి గ్రుడ్డులోనే చిక్కుకొని కనబడుట కద్దు. అది చూచుటకు రోత గాని, దానివల్ల అపాయం లేదు.

ఇంతవరకు చెప్పినది లాగివేయుట. ఎంత మంచి మందైనను అది కోడి కడుపులోని పురుగునే తీయగలదు. పెరటిలోని గ్రుడ్డును తీయలేదు. ఇప్పుడు ఖాళీ అయిన పేగులోనికి, అదే నేలమీద చల్లిన నూకలతోపాటు, మరల అదే గ్రుడ్డు ప్రవేశిస్తుంది. కాబట్టి మందు ఇచ్చిన దినమే రెండవ చికిత్స ఆరంభం కావలెను. మందు తిన్న తరువాత రెండు, మూడు దినాలు కోళ్లను ఒకచోట మూసి ఉంచి, పడిన రెట్టను ప్రతిదినం ఎత్తివేయవలెను. అందులో కొట్టుకొనివచ్చిన పురుగుల కడుపునిండ గ్రుడ్లుంటవి. ఆ రెట్టను కూరపాదులో నేరుగా వేయరాదు. గొయ్యిలో వేసి, చెత్తతో కప్పి, వేడెక్కి చివికి ఎరువు అయిన తరువాతనే వాడవలెను. కుప్ప నడుమ పుట్టే వేడికి గ్రుడ్డు నిలువలేదు.

గూటిలో ఫినాయిలు చల్లి నిశ్చింతగా ఉండేవారు అనేకులు. ఏలికపాము గ్రుడ్డు పెంకు ఎంత గట్టిదనగా మామూలు క్రిమిసంహారిణులు దానిని చొచ్చుకొనిపోలేవు. దానిని చంపేవి ఎండ, పొడితనం, వేడి. ఈ మూటికీ డబ్బు అక్కరలేదు. గూటిని జరిపి, అడుగున ఉన్న మట్టిని పైపైని ఒక అంగుళం మేర చెక్కి తీసివేసి, ఎండ తగలనీయవలెను. గూటి కర్రలమీద మరుగునీళ్లు పోసి కడగవలెను. గూటి అడుగున ఊక పరచి, తడిసినప్పుడల్లా మార్చవలెను. వీలున్నవారు గూటిని నేలకు జానెడెత్తున నిలిపి, అడుగున సందులున్న వెదురుబద్దలు పరుచుకొంటే, రెట్ట క్రిందికి జారి కోడి ముక్కుకు అందదు. పంజరం చేసిన మేలును పంజరం లేకుండ పొందే ఉపాయం ఇదియే.

మూడవదైన నిదానపరివర్జనం అలవాట్లకు సంబంధించినది. మన ఇండ్లలో గింజలను నేలమీద విసరుట ఆచారం. అరచేతిలోని నూకలు నేలపై జల్లుమని పడగానే కోళ్లన్నీ పరుగెత్తి రావడం కన్నులపండువే. కాని రెట్ట పడిన చోటనే గింజ పడుట పురుగుకు పెండ్లిభోజనం. మేతను తొట్టెలో పెట్టుట, ఆ తొట్టెను కోడి వీపు ఎత్తున ఉంచుట, నీళ్లతొట్టిచుట్టు బురద కాకుండ క్రింద నాలుగు ఇటుకలు, గులకరాళ్లు పరుచుట, ఈ మూడు పనులు చేసినా సగం పురుగు తగ్గుతుంది. పెరటిని దడితో రెండు భాగాలు చేసి, కోళ్లను కొన్నాళ్లు ఒక ప్రక్క, కొన్నాళ్లు మరొక ప్రక్క వదలితే ఖాళీగా ఉన్న ప్రక్కకు ఎండ సోకుతుంది. పిల్లలను పెద్దకోళ్లతో కలిపి మేపరాదు. మూడు నెలలు నిండిన కోడికి ఏలికపామును కొంతవరకు తట్టుకొనే శక్తి వస్తుంది. ఆ లోపు పిల్లకు లేదు. పెద్దకోడి కడుపులో ఊరక ఉన్న పురుగు పిల్లకోడికి యమపాశం. సంతలో కొన్న కోడిని తెచ్చీతేగానే మందలో వదలక, రెండు వారాలు వేరుగా కట్టి, మందు ఇచ్చి చూచిన తరువాతనే కలపవలెను.

పురుగులమందుకు, టీకాకు సంబంధమున్నదని చాలమంది ఎరుగరు. ఏలికపాములు పట్టిన కోళ్లలో రాణీఖేత్ టీకా తరువాత కలుగవలసిన రోగనిరోధక శక్తి మీద ఆ పురుగుల ప్రభావం పడుతున్నదని డెన్మార్కు శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించినారు. టీకా వేయించినను తెగులు వచ్చినదని నిందించే ముందు, టీకా నాటికి కోడి కడుపు శుభ్రంగా ఉన్నదా అని కూడ చూచుకొనవలెను. టీకాకు ఒకటి, రెండు వారాల ముందు పురుగులమందు ఇచ్చుట వివేకం. ఇక ఏ పురుగు ఉన్నదో, అసలు ఉన్నదో లేదో ఊహించనక్కరలేదు. తాజా రెట్టను చిన్న సీసాలో తీసికొనిపోతే పశువైద్యశాలలో సూక్ష్మదర్శినితో పరీక్షించి చెప్పగలరు. ఆవును తోలుకొనిపోయేవారు ఉన్నారు, కుక్కను ఎత్తుకొనిపోయేవారు ఉన్నారు. కోడిని చంకనిడుకొని ఆసుపత్రి మెట్లు ఎక్కుటకు మాత్రం మనవారికి సిగ్గు. నాటుపెట్ట ఏడాదికి 60, 70 గ్రుడ్లు పెట్టుతుంది. హైదరాబాదులోని కోళ్ల పరిశోధనాలయం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులు అంతకు మించి పెట్టుతవి. జాతి మార్చినంత మాత్రాన పురుగు మారదు. ఎక్కువ పెట్టే కోడి కడుపులో పురుగుంటే నష్టం కూడ ఎక్కువే.

2015 నుంచి మన దేశంలో ఫిబ్రవరి 10వ తేదీన బడిపిల్లలకు నులిపురుగుల నివారణ దినం జరుపుతున్నారు. మాత్ర ఇస్తూనే చేతులు కడుగుకొనుట, చెప్పులు వేసికొనుట, మరుగుదొడ్డి వాడుట నేర్పుతారు. మాత్ర ఒక్కటే చాలదని అక్కడ అందరూ ఒప్పుకొన్నారు. పెరటికోడి విషయంలో కూడ న్యాయం ఇదియే. కోడి చేతులు కడుగుకొనలేదు, చెప్పులు వేసికొనలేదు. దాని పరిశుభ్రత దాని యజమానురాలి చీపురులోనే ఉన్నది.

నిర్వాసితుల కాలనీలలో పుట్టి పెరిగిన పిల్లలకు పాతఊరి కళ్లము, పుంత తెలియవు. వారి అమ్మమ్మలకు తెలుసును. ఆ ఎకరాలు తిరిగిరావు. ఉన్న నాలుగు సెంట్లలోనే కోడికి ఎండ తగిలే మూల ఒకటి, పొడిగా ఉండే గూడు ఒకటి, నేలకు అంటని తొట్టె ఒకటి ఏర్పరచుట మాత్రం వారి చేతిలోని పని. ఈసారి పెట్ట గోడమూల ముడుచుకొని నిలుచున్నప్పుడు ఉప్పు తిప్పినను తిప్పవచ్చును. ఆ పిమ్మట దాని రొమ్ముక్రింద వ్రేళ్లు పోనిచ్చి ఎముకను తడిమి చూడవలెను. ఎముక పొడుచుకొని వస్తే మందు తేవలెను. మందు తెచ్చిన దినమే పార కూడ తీయవలెను.